వానకబురు ఎవరి సొత్తు?

వానరాకడ, ప్రాణంపోకడ ఎవరికీ తెలియవన్నారు పెద్దలు. మొన్న క్లాసులో ఆ సామెత చెబుతూ వుంటే ఒక కుర్రాడు లేచి, “వానరాకడ ఫోనే చెబుతోంది గదండీ! ఇంకా వాతావరణశాఖలెందుకు మాస్టారూ?” అన్నాడు. పిల్లలంతా గొల్లుమన్నారు. ప్రశ్న మాత్రం నవ్వి వదిలెయ్యదగ్గది కాదు.

గాలికి ఎల్లలు లేవు. ఇతర దేశాల కొలతలు అందనిదే ఏ దేశమూ వారంరోజుల సంగతి చెప్పలేదు. మరి ఆ కొలతలు ఊరికే ఇవ్వాలా, అమ్ముకోవాలా? 1995లో ప్రపంచ వాతావరణ సంస్థ రాజీమార్గం తీసింది: ముఖ్యమైనవి ఉచితం, తక్కినవాటికి షరతులు పెట్టుకోవచ్చును. 2021లో ఆ విధానాన్ని తిరగరాసి, సముద్రాల, నదుల కొలతలనూ అందులో చేర్చింది.

ఇంగ్లండులోని రీడింగ్‌లో యూరపు దేశాల ఉమ్మడి వాతావరణ కేంద్రం వుంది. 1940 నుంచి భూగోళం మీది గాలీ వానా గంటగంటకూ ఎలా వున్నవో లెక్కగట్టి లోకానికి ఊరికే ఇచ్చింది. ఆ చిట్టాలో సుమారు నాలుగు దశాబ్దాల భాగం చదువుకునే గూగుల్ వారి గ్రాఫ్‌కాస్ట్ 2023లో పదిరోజుల సూచన నిమిషంలోపల చెప్పి ఔరా అనిపించింది. కేంద్రమూ ఊరుకోలేదు, 2025లో అటువంటి పద్ధతినే తానూ వాడుకలో పెట్టింది.

సంతోషమే. కాని ఇవాళ్టి కొలత లేనిదే ఏ యంత్రమూ రేపటి మాట చెప్పలేదు. కొలవాలంటే బెలూను ఎగరెయ్యాలి, మనిషికి జీతమివ్వాలి. పేదదేశాలకది బరువే. అందుకే 2021లో ఐక్యరాజ్యసమితి సంస్థలు వారికోసం ఒక నిధి ఏర్పరచినవి.

ఊరిబావి నీళ్లు ఎందరు తోడుకున్నా తప్పులేదు. పూడిక తీసేవాడి కూలి ఎవరివ్వాలన్నదే తేలాలి. “నీ ఫోనుకూ ఆ బావినీళ్లే నాయనా!” అన్నాను మా కుర్రాడితో.