బండి అడిగిన పెట్రోలే పోయాలి.. బోర్డు మీది నంబరు చూసి కాదు

వేలూరు నుంచి కాట్పాడి మీదుగా చిత్తూరు పోయే రోడ్డులో క్రిస్టియాన్‌పేట దగ్గర, గుడియాత్తం నుంచి పరదరామి వైపు వెళ్లే రోడ్డులో ఆంధ్రా నంబరు కార్లు బంకుల ముందు ఆగి ఉండటం కొత్తేమీ కాదు. కారణం అందరికీ తెలిసిందే. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలుపై 31 శాతం వ్యాట్, దానిపై లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, మరో రూపాయి రోడ్డు సెస్సు ఉన్నాయి. తమిళనాడులో 13 శాతం, దానితోపాటు లీటరుకు 11.52 రూపాయలు. 2021 ఆగస్టు బడ్జెట్‌లో తమిళనాడు ప్రభుత్వం లీటరుకు మరో 3 రూపాయలు తగ్గించాక తేడా ఇంకా పెరిగింది. 2025లో చిత్తూరుకూ వేలూరుకూ మధ్య అది సుమారు 8 రూపాయలు.

ఆ 8 రూపాయల కోసం సరిహద్దు దాటి వచ్చిన మనిషి, బంకు కుర్రాడు 'అన్నా, నూరు పోయమంటావా' అనగానే తల ఊపేయడమే విడ్డూరం. అతనికి ఆ నూరు ఆక్టేన్ నంబరు. పర్సుకు మాత్రం అది పెద్ద చిల్లు. 2020 డిసెంబరులో ఇండియన్ ఆయిల్ ఎక్స్‌పీ 100 రకాన్ని విడుదల చేసినప్పుడు ఢిల్లీలో లీటరు ధర 160 రూపాయలు. ఆ లెక్కనే చూసినా మామూలు పెట్రోలు కంటే 50 రూపాయలకు పైగా ఎక్కువ. ఆల్టోకో, వ్యాగన్‌ఆర్‌కో, పాత శాంట్రోకో దీన్ని పోస్తే ఏం ఒరుగుతుందన్నది అడగాల్సిన ప్రశ్న.

ఆక్టేన్ అంటే బలం కాదు

ఆక్టేన్ నంబరు పెరిగితే పెట్రోలులో బలం పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. సిలిండరులో గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ నొక్కినప్పుడు, ప్లగ్గు నిప్పు పెట్టకముందే గానీ, ఆ మంట పూర్తిగా పాకకముందే గానీ మిశ్రమం తనంతట తాను పేలకూడదు. అలా పేలితే వచ్చే టకటక శబ్దాన్నే మెకానిక్కులు 'నాకింగ్' అంటారు. ఆ పేలుడును తట్టుకునే గుణానికి కొలతే ఆక్టేన్. ఐసో ఆక్టేన్ అనే ద్రవానికి 100, హెప్టేన్‌కు 0 అని పెట్టుకుని ఈ కొలతను తయారు చేశారు.

కంప్రెషన్ ఎక్కువున్న ఇంజన్లకు, టర్బో ఇంజన్లకు ఎక్కువ ఆక్టేన్ కావాలి. తక్కువ ఆక్టేన్‌కు తయారైన చిన్న ఇంజనుకు నూరు పోసినా దానికి వాడుకునే దారి లేదు. బలం పెరగదు, మైలేజీ పెరగదు. పెట్రోలు మూత లోపలి స్టిక్కరులో, కారుతో ఇచ్చిన పుస్తకంలో కంపెనీ ఏ నంబరు రాసిందో అదే ప్రమాణం. అంతకు తగ్గకూడదు, అంతకు మించి డబ్బు పెట్టనక్కరలేదు.

అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడ బంకుల్లో 87 రకమే పోస్తున్నామని చెబితే మన పెద్దవాళ్లు ఆశ్చర్యపోతుంటారు. అక్కడ లెక్క కట్టే పద్ధతి వేరు. అక్కడి 87, మన 91తో దాదాపు సమానం. ఇంకో సంగతి కూడా ఉంది. 20 శాతం ఇథనాల్ కలిపిన తర్వాత మామూలు పెట్రోలు ఆక్టేనే 95కు చేరిందని కేంద్ర పెట్రోలియం శాఖ 2025 ఆగస్టులో వివరించింది. కాబట్టి 95 అన్న నంబరు ఒక్కటి చూసి అదనంగా చెల్లించేవారు, ఆ సొమ్ము దేనికి పోతోందో ఒకసారి ఆలోచించుకోవాలి.

ఈ20 భయం.. లెక్క తప్పిన వైద్యం

నూరు ఆక్టేన్ కొనేవారిలో కొందరిది మోజు కాదు, భయం. ఇథనాల్ పాత కారును తినేస్తుందన్న భయం. అందులో కొంత నిజం లేకపోలేదు. లీటరు పెట్రోలులో ఉన్న శక్తిలో ఇథనాల్‌కు ఉండేది దాదాపు మూడింట రెండు వంతులే. పాత పద్ధతిలో తయారై 10 శాతం మిశ్రమానికి సర్దుబాటు చేసిన కార్లలో ఈ20 వాడితే మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021 నివేదికే అంచనా వేసింది. మరి లెక్క చూద్దాం. లీటరు 102 రూపాయలనుకుంటే 7 శాతం అంటే 7 రూపాయలు. ఆ 7 రూపాయల నష్టం తప్పించుకోవడానికి లీటరుకు 50 రూపాయలకు పైగా ఎక్కువ పెట్టడం ఏ లెక్కన లాభం?

సరిహద్దు ప్రయాణానికీ ఇదే లెక్క. వేలూరు ఆసుపత్రికో, గుడియాత్తం సంతకో వచ్చి పోతూ ట్యాంకు నింపుకుంటే లాభమే. పెట్రోలు కోసమే రానుపోను 40 కిలోమీటర్లు తిరిగితే లీటరుకు 18 కిలోమీటర్లిచ్చే కారు 2 లీటర్లకు పైగా తాగేస్తుంది. 25 లీటర్ల మీద మిగిలే 200 రూపాయలు ఆ రోడ్డు మీదే ఖర్చవుతాయి.

చౌక మార్పులు.. ఖరీదైన తిప్పలు

ఆక్టేన్ తర్వాత కుర్రాళ్లను ఆకర్షించేవి షెడ్డులో చేయించే చిన్న చిన్న మార్పులు. కంపెనీ ఏర్ ఫిల్టర్ డబ్బా తీసేసి బయటికి కనిపించే గొట్టం ఫిల్టర్ బిగిస్తారు. శబ్దం పెరుగుతుంది, పికప్ పెరిగినట్టు అనిపిస్తుంది. అసలు డబ్బా బయటి చల్లగాలిని పీల్చేలా అమర్చి ఉంటుంది. కొత్తది బానెట్ కింది వేడిగాలిని పీలుస్తుంది. మే నెలలో 40 డిగ్రీలు దాటే వేలూరు ఎండలో వేడిగాలి లోపలికి పోతే నాకింగ్ ఇంకా పెరుగుతుంది. అంటే నూరు పోసి తగ్గించాలనుకున్న దాన్ని మరో చేత్తో పెంచుకున్నట్టే.

సైలెన్సర్ మార్పించడం చట్టంతో చెలగాటం. కంపెనీ తయారు చేసిన స్వరూపాన్ని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కు విరుద్ధమని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అదే ఏడాది సవరించిన చట్టం ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకు 5 వేల రూపాయల జరిమానా, 6 నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. అది తమిళనాడు రిజిస్ట్రేషనైనా, ఆంధ్రా రిజిస్ట్రేషనైనా చట్టం ఒకటే.

పనికొచ్చే మార్పులు ఇవీ

పాత కారుకు నిజంగా కావాల్సిన మార్పు కంటికి కనిపించదు. అది పెట్రోలు రబ్బరు పైపు. పాత వాహనాల్లో 20 నుంచి 30 వేల కిలోమీటర్లు తిరిగాక కొన్ని రబ్బరు భాగాలు, గ్యాస్‌కెట్లు మార్చుకోవాల్సి రావచ్చని, అది తక్కువ ఖర్చులో అయ్యే పనేనని కేంద్రం కూడా 2025లో ఒప్పుకుంది. పైపు మెత్తబడినా, పగుళ్లు కనిపించినా, కారులో పెట్రోలు వాసన వచ్చినా ఆలస్యం చేయకూడదు. అది మైలేజీ సమస్య కాదు, నిప్పుతో చెలగాటం.

కార్బురేటర్ ఉన్న పాత మారుతి 800 లాంటి బళ్లది ఇంకో కథ. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గినట్టవుతుంది. పొద్దున స్టార్టింగ్ ఇబ్బంది, పికప్‌లో తడబాటు అందుకే. ఆక్సిజన్ సెన్సర్ ఉన్న కార్లు ఆ తేడాను చాలావరకు తామే సరిదిద్దుకుంటాయి. కార్బురేటర్‌కు ఆ తెలివి లేదు. అనుభవమున్న మెకానిక్ చేత మిశ్రమం, టైమింగ్ సరిచూపించుకుంటే సరిపోతుంది.

మిగిలినవి ఇంకా సులువు. టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత ఉండాలి. ప్లగ్గులు సమయానికి మార్చాలి. పేర్ణంబట్టు నుంచి వి.కోట వైపు ఘాట్ ఎక్కేటప్పుడు నిండు లోడుతో పై గేరులో ఈడ్చకుండా గేరు తగ్గించాలి. నెలల తరబడి కదలని కారులో పెట్రోలు నిల్వ పెట్టకూడదు. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, వానాకాలంలో అది మరీ ప్రమాదం.

జవాబుదారీ ఎవరిది?

జనం తెలుసుకోవాలనడం సరే, చెప్పాల్సిన వాళ్లూ చెప్పాలి కదా! 2023 ఏప్రిల్‌కు ముందు కొన్న కారు యజమానులను ఎవరూ అడగలేదు. ఈ10 కావాలా, ఈ20 కావాలా అన్న ఎంపికే బంకులో లేకుండా పోయింది. నేతపనితోనో, బీడీల ఆదాయంతోనో పైసా పైసా కూడబెట్టి సెకండ్ హ్యాండ్ కారు కొన్న గుడియాత్తం కుటుంబానికి 7 శాతం మైలేజీ చిన్న విషయం కాదు. దేశానికి ముడిచమురు దిగుమతి తగ్గడం మంచిదే. ఆ మంచికి అయ్యే ఖర్చు మాత్రం పాత కారు వాడి ఒక్కడి నెత్తిన పడకూడదు. రబ్బరు భాగాల మార్పిడిని కంపెనీలు సర్వీసు క్యాంపుల్లో నామమాత్రపు ధరకు చేసి పెట్టాలి.

బంకుల్లో ఏ గొట్టంలో ఎంత ఇథనాల్, ఎంత ఆక్టేన్ అన్నది పెద్ద అక్షరాలతో రాయాలి. సరిహద్దు బంకుల్లో తమిళంతోపాటు తెలుగులోనూ రాస్తే మరీ మంచిది. అనుమానం వస్తే ఫిల్టర్ పేపరు పరీక్ష, డెన్సిటీ పరీక్ష, 5 లీటర్ల కొలత అడిగే హక్కు వినియోగదారుడికి ఉంది. అడిగేవాళ్లు పెరిగితేనే చెప్పేవాళ్లు పెరుగుతారు. అంతవరకు మూత లోపలి స్టిక్కరు చదవడం, రబ్బరు పైపు చూపించడం, టైర్లకు గాలి పట్టించడం.. ఈ మూడూ చేసిన వాడి ముందు నూరు ఆక్టేన్ పోయించిన వాడు బలాదూరే.