సర్టిఫికెట్లు బీరువాలో

గుంటూరు యార్డులో ధర నచ్చని మిర్చి రైతు టిక్కీలను కోల్డ్ స్టోరేజీలో పెట్టి ఆగొచ్చు. చిలకలూరిపేట, ఒంగోలు చుట్టుపక్కల ప్రైవేటు ఇంజనీరింగ్ లెక్చరర్‌కు ఆ వెసులుబాటూ లేదు. ఫీజు రీయింబర్స్‌మెంటు ఆగితే చాలాచోట్ల ముందు ఆగేది అతని జీతమే. వేసవిలో అడ్మిషన్ల కోసం ఊళ్లు తిరగాలి, అదీ టార్గెట్‌తో. పోనీ మానేద్దామంటే ఒరిజినల్ సర్టిఫికెట్లు యాజమాన్యం బీరువాలో ఉంటాయి, అలా ఉంచుకోకూడదని సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ చెప్పినా సరే. పదిహేను మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడన్న లెక్కను ఆ ఏఐసీటీఈయే 2018లో ఇరవైకి సడలించింది. ఆ బరువూ ఉన్నవాళ్ల మీదే పడింది. తనిఖీ కమిటీ వచ్చే రోజున మాత్రం కొన్ని స్టాఫ్ రూములు కొత్త ముఖాలతో కిటకిటలాడతాయి! లెక్చరర్లు నిలవడం లేదని వాపోయే యాజమాన్యాలు ఒక్క ఏడాది ఒకటో తారీఖున జీతాలు వేసి చూడాలి. హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కొలువుల మీద నెపం ఆ తర్వాత వేయొచ్చు.