పరిశోధనా నైపుణ్యం ఎవరింట పుడుతుంది?

గణితానికి కులం లేదు. ఈ మాట ముత్తుకూరు హైస్కూల్లో మా లెక్కల మాస్టారి నోట మొదటిసారి విన్నాను. నేటికీ నమ్ముతున్నాను. నిరూపణ నిలిచిందా లేదా అన్నదే అక్కడ ప్రశ్న; నిరూపించినవాడి ఇల్లు ఊళ్ళో ఉందా, వాడలో ఉందా అని ఏ సమీకరణమూ అడగదు. అయితే పిహెచ్.డి. చేయడమంటే గణితం చేయడం మాత్రమే కాదని గ్రహించడానికి నాకు మూడేళ్ళు పట్టింది.

మా నాన్న రొయ్యల గుంటలకు కాపలా. జె.ఆర్.ఎఫ్. సంపాదించి పరిశోధనలో చేరేనాటికి నాకు తెలిసినవి రెండే: పుస్తకం చదవడం, పరీక్ష రాయడం. నాతోపాటు చేరిన ఇద్దరికి అంతకు మించి తెలుసు. పరిశోధనా పత్రాన్ని మొదటి పేజీ నుంచి వరుసగా చదవనక్కర్లేదని, ముందు ప్రధాన సిద్ధాంతాన్నీ ఒక ఉదాహరణనూ పట్టుకుని ఆ తర్వాతే నిరూపణలోకి దిగాలని తెలుసు. ముఖపరిచయం లేని ప్రొఫెసర్‌కు నాలుగు వాక్యాల్లో ఉత్తరం రాయడం తెలుసు. సెమినార్‌లో అర్థం కాలేదని చెప్పడం అవమానం కాదనీ తెలుసు. ఇద్దరి ఇళ్ళలోనూ ప్రొఫెసర్లున్నారు. ఏ సిలబస్‌లోనూ లేని ఆ విద్య వాళ్ళకు భోజనాల దగ్గర అబ్బింది. మా శాఖలో దానికి పెట్టిన పేరు ప్రతిభ.

మా జిల్లా మూలాలున్న ఒక కుటుంబం సంగతే చూద్దాం. రాజ్యాంగ ముసాయిదా సంఘంలో అంబేడ్కర్‌తో కలిసి పనిచేసిన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ 1883లో నెల్లూరు జిల్లా పుదూరులో పుట్టారు. తండ్రి పూజారి. కలిమి లేదు, కానీ అక్షరం ఆ ఇంటికి పరాయిది కాదు. ఆయన కుమారుడు, భౌతికశాస్త్రవేత్త అల్లాడి రామకృష్ణన్, మైలాపూరులోని సొంత ఇంట్లో సెమినార్ నడిపారు. 1960లో నీల్స్ బోర్ మద్రాసు వచ్చి ఆ బృందాన్ని మెచ్చుకున్నారు. 1962 జనవరి 3న అదే చెన్నై గణితశాస్త్ర సంస్థగా రూపుదాల్చింది. మనవడు కృష్ణస్వామి అల్లాడి కాలేజీ విద్యార్థిగా సంఖ్యాశాస్త్రంలో చేసిన పని గురించి తెలిసి, 1975లో పాల్ ఎర్డోష్ అంతటివాడు ప్రయాణమార్గం మార్చుకుని మద్రాసులో ఆగారు. ఆ మనవడి మేధను నేను తక్కువ చేయడం లేదు. ఎర్డోష్ మొహమాటానికి వచ్చే మనిషి కాదు. అయితే అదే పని మా వాడలో ఒక కుర్రవాడు చేసి ఉంటే, ఆ కాగితాన్ని ఎవరికి చూపించేవాడు?

నెల్లూరులో రైలెక్కితే ఆ సంస్థ మూడు గంటల దూరం. చట్టానికి మాత్రం అందనంత దూరం. కేంద్ర విద్యాసంస్థల ప్రవేశాల్లో రిజర్వేషన్లు కల్పించిన 2006 నాటి చట్టం, శ్రేష్ఠ సంస్థల పేరిట కొన్నింటిని షెడ్యూల్లో చేర్చి మినహాయించింది. చెన్నై గణితశాస్త్ర సంస్థ, అలహాబాదులోని హరీశ్‌చంద్ర సంస్థ, ముంబైలోని టాటా సంస్థ ఆ జాబితాలో ఉన్నాయి. బోధకుల నియామకాల కోసం తెచ్చిన 2019 చట్టంలోనూ ఇదే మినహాయింపు. సుత్తీ కొడవలీ అక్కర్లేని, కాగితమూ కలమూ చాలిన శాస్త్రానికి ఈ కంచె ఎందుకో ప్రభుత్వం చెప్పాలి.

2016 జనవరి 17న రోహిత్ వేముల మరణించాక ఫెలోషిప్పుల గురించి, సస్పెన్షన్ల గురించి మాట్లాడాం. మాట్లాడి తీరాలి. కానీ వెలివేత ఎప్పుడూ నోటీసు రూపంలోనే రాదు. ఒక శిబిరానికి సిఫారసు లేఖ అడిగితే మా శాఖలో ఒక పెద్దాయన నవ్వి, ‘మీకు ఫెలోషిప్ వస్తోంది కదా, ఇంకెందుకయ్యా’ అన్నారు. అక్కడ ఏ నిబంధనా ఉల్లంఘన కాలేదు. నేను ఆ శిబిరానికి వెళ్ళలేదు, అంతే.

ఫెలోషిప్ సంగతీ చెప్పాలి. నేడు జె.ఆర్.ఎఫ్. నెలకు రూ.37,000. మాబోటి ఇళ్ళలో అది ఉపకారవేతనం కాదు, ఇంటి ఆదాయం. చెల్లెలి చదువూ, నాన్న కంటి ఆపరేషనూ నా ఫెలోషిప్‌తోనే జరిగాయి. ఐదేళ్ళు తలబద్దలు కొట్టుకున్నా తేలకపోవచ్చనిపించే మంచి సమస్యను ఎంచుకునే ధైర్యం నాకు ఎక్కడిది? ఏడాదికి రెండు పత్రాలు వచ్చే చిన్న సమస్యను ఎంచుకున్నాను. ఆ తర్వాత ఇంటర్వ్యూలో ‘మీ పనిలో లోతు లేదు’ అన్నారు. నిజమే, లేదు.

1993లో ఎస్. కుమరేశన్ మొదలుపెట్టిన ఎం.టి.టి.ఎస్. వేసవి శిబిరాలున్నాయి. పిహెచ్.డి. తొలి ఏళ్ళవారికి జాతీయ గణిత కేంద్రం నడిపే పునాది శిబిరాలున్నాయి. మంచివి. వాటి సమాచారం డిగ్రీ కాలేజీ నోటీసు బోర్డు దాకా రావాలి. పత్రం చదవడం, ఉపన్యాసం ఇవ్వడం, దరఖాస్తు రాయడం ప్రతి శాఖా మొదటి ఏడాదే అందరికీ నేర్పాలి. సిఫారసు లేఖ గైడు దయగా కాక బాధ్యతగా మారాలి. నిరాకరిస్తే కారణం కాగితం మీద రాయాలి.

నేనిప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఆదివారాలు ముత్తుకూరులో మా వసారాలో ఐదుగురు పిల్లలు కూర్చుంటారు. రోడ్డు మీద పోర్టు లారీలు పోతుంటే మాట వినపడదు, ఆగి మళ్ళీ మొదలుపెడతాం. మొన్న ఒక అమ్మాయి, ఎన్నడూ చూడని ఒక ప్రొఫెసర్‌కు ఉత్తరం రాసుకొచ్చింది. మొదటి వాక్యంలోనే క్షమించమని వేడుకుంది. ఆ వాక్యం కొట్టేయించి, మళ్ళీ రాయమన్నాను.