అండమాన్ ప్రయాణం – కిడ్నీ రోగులు



మన ఉద్దానం ఊళ్లలో అండమాన్‌లో చుట్టాలున్న ఇళ్లు చాలా ఉన్నాయి. సెలవులకు రమ్మని కబురు రాగానే, "నాన్నకి కిడ్నీ జబ్బు కదా సిస్టరమ్మా, ఆయన్ని ఇంటి దగ్గర వదిలేసి వెళ్తాం" అంటారు కొందరు. మేము ఒప్పుకోము. ఆయనకు మాత్రం మనవల్ని చూడాలని ఉండదా?

అయితే టికెట్టు కంటే ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించి డాక్టరుగారిని అడగండి. విశాఖపట్నం నుండి ఓడకు రెండు రోజులకు పైగా పడుతుంది. డయాలసిస్ వారికి ఓడ వద్దు, విమానమే మేలు. శ్రీ విజయపురంలో (2024 వరకు పోర్ట్ బ్లెయిర్) డయాలసిస్ ఏ రోజు చేస్తారో ముందే ఖాయం చేసుకోవాలి. "ఒక్కసారి మానితే ఏమవుతుందిలే" అనే మాట మాకు అసలు నచ్చదు. ఒంట్లో నీరు చేరి ఊపిరాడదు, పొటాషియం పెరిగి గుండె ఆగిపోవచ్చు.

మిగతా కిడ్నీ రోగులు ఓడెక్కినా, వాంతులు ఆగకపోతే వెంటనే ఓడలోని డాక్టరుకు చెప్పాలి. ఒంట్లో నీరు తగ్గితే కిడ్నీ ఇంకా దెబ్బతింటుంది. ఒళ్లు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ బిళ్లలు సొంతంగా వేసుకోవద్దు.

అక్కడ చుట్టాలు ప్రేమతో కొబ్బరిబోండం కొట్టి ఇస్తారు. కొబ్బరి తోటల్లో పుట్టిన మనకు కాదనడం కష్టమే! కాని అందులో పొటాషియం ఎక్కువ. డయాలసిస్ వారు, పొటాషియం తగ్గించమన్నవారు తాగకూడదు.

మందులు, రిపోర్టులు పెద్ద పెట్టెలో కాక చేతిసంచిలో పెట్టుకోండి.