గుండ్లకమ్మ... వస్తే వెల్లువ, లేదంటే ఇసుక

మధ్యధరా సముద్రంలోని సైప్రస్ దీవిలో అన్నిటికన్నా పొడవైన నది పెడియోస్. పేరుకి పెద్ద నదే, ఏడాదిలో ఎక్కువ నెలలు మాత్రం నీళ్లుండవు. ఆ సంగతి విని చీమకుర్తి వాళ్లు ఆశ్చర్యపోరు. ఎందుకంటే అలాంటి ఏరు వాళ్ల పక్కనే ఉంది. అదే గుండ్లకమ్మ!

నల్లమల కొండల్లో గుండ్ల బ్రహ్మేశ్వరం దగ్గర పుట్టి, కంబం, మార్కాపురం, అద్దంకి ప్రాంతాలను తడుపుతూ, చీమకుర్తికి ఉత్తరంగా సాగి బంగాళాఖాతంలో కలుస్తుంది. ప్రయాణం రెండొందల కిలోమీటర్ల పైచిలుకే. కానీ కృష్ణా, గోదావరుల్లా దీనికి దూరదేశపు నీళ్లు లేవు. నల్లమలలో, దారిలో పడిన వానే ఆధారం. తుపాను పడితే ఒడ్లు ఒరుసుకుంటూ పారుతుంది. నాలుగు రోజులు పోతే మళ్లీ ఇసుకే.

అయినా ఈ ఏటి ఒడ్డున చరిత్రకు కొదవలేదు. తెలుగు పద్యానికి తొలి ఆనవాళ్లలో ఒకటైన పండరంగని శాసనం (క్రీ.శ. 848) దొరికింది అద్దంకిలోనే. ఒంగోలు గిత్తల పుట్టినిల్లు కూడా గుండ్లకమ్మకీ అల్లూరు ఏటికీ మధ్యనున్న నేలే అంటారు.

నాలుగు రోజుల నీటిని పన్నెండు నెలలకు దాచుకోవడమెలా? రాయల కాలంలోనే జవాబు దొరికింది. రెండు కొండల మధ్య కట్ట వేసి ఏటిని ఆపారు. అదే కంబం చెరువు. శ్రీకృష్ణదేవరాయల రాణి వరదరాజమ్మ కట్టించిందని చెబుతారు. అయిదొందల ఏళ్లు దాటినా ఇప్పటికీ వాడుకలోనే ఉంది.

మన కాలంలో మద్దిపాడు మండలం చినమల్లవరం దగ్గర గుండ్లకమ్మ జలాశయం కట్టారు. 2008లో ప్రారంభమైంది. నిల్వ సామర్థ్యం 3.859 టీఎంసీలు. పొలాలకు సాగునీరు, ఒంగోలుకూ చుట్టుపక్కల పల్లెలకూ తాగునీరు ఇవ్వాలన్నది లక్ష్యం. తీరా 2022లో ఒక గేటు కొట్టుకుపోయింది. 2023 డిసెంబరులో, మిచౌంగ్ తుపాను వెళ్లిన రోజుల్లో, మరో గేటూ పోయింది. దాచుకున్న నీళ్లు కళ్లముందే సముద్రం పాలయ్యాయి. ఆ నీటిని నమ్ముకున్న రైతు మొహం చూడాలి!

మట్టికట్టకు ఏటా మట్టి ఎత్తాలి. ఇనుప గేటుకు ఏటా రంగు వేయాలి, గ్రీజు పూయాలి. రెండిటికీ కావలసింది ఒకటే... కనిపెట్టుకుని ఉండే మనిషి. జీవనదికైతే ఈ ఏడు పోయిన నీళ్లు మళ్లీ రావచ్చు. గుండ్లకమ్మకు మాత్రం ఇంకో తుపాను దాకా ఆగాలి.