బద్ధకం కాదు, జబ్బే!

వేసవిలో పొయ్యి దగ్గర అరగంట నిలబడేసరికి ఒక కన్ను మసకబారుతుంది. ఫ్యాన్ కింద కాసేపు కూర్చుంటే మళ్ళీ మామూలే. ఇంకో రోజు పాదం మొద్దుబారి, కాలి చెప్పు జారిపోయినా తెలియదు. మెడ వంచితే వెన్నులోంచి కరెంటు పాకినట్టుంటుంది. సాయంత్రమయ్యేసరికి నాలుగు గిన్నెలు కడగడానికి కూడా ఓపిక ఉండదు. "పైకి దుక్కలా ఉందిగా, ఏమొచ్చిందమ్మా?" అంటారు అత్తగారు. "రక్తం తక్కువై ఉంటుంది, టానిక్ తాగు" అంటారు పక్కింటి పిన్నిగారు.

నిజమే, రక్తహీనతలోనూ, బి12 విటమిన్ తగ్గినప్పుడూ నీరసం, తిమ్మిర్లు వస్తాయి. అందుకని కంగారు పడకండి. కానీ చూపు మసకబారి కన్ను తిప్పితే నొప్పిగా ఉన్నా, కాలో చెయ్యో మొద్దుబారి రోజు దాటినా తగ్గకపోయినా టానిక్కుతో సరిపెట్టుకోకండి. న్యూరాలజిస్టుకు చూపించుకోండి. ఎందుకంటే అది మల్టిపుల్ స్క్లెరోసిస్ కావచ్చు. క్లుప్తంగా ఎం.ఎస్. అంటారు. మన దేశంలో ఇది అంత ఎక్కువగా కనిపించే జబ్బు కాదు. అయితే వచ్చేది ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ళ మధ్య. మగవాళ్ళతో పోలిస్తే ఆడవాళ్ళకు రెండు మూడు రెట్లు ఎక్కువ. అంటే కాపురం, పిల్లలు, చాకిరీ అన్నీ నెత్తిన ఉన్న వయసులోనే అన్నమాట.

అసలేం జరుగుతుంది?

కరెంటు తీగ మీద ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది కదా, అలాగే మన నరాల మీద మైలిన్ అనే పొర ఉంటుంది. రోగాల నుంచి మనల్ని కాపాడాల్సిన రక్షణశక్తే పొరపాటున ఆ పొర మీద పడుతుంది. మెదడులో, వెన్నుపాములో అక్కడక్కడా తొడుగు ఊడి మచ్చలు కడతాయి. మచ్చ ఎక్కడుంటే బాధ అక్కడిది: కంటి నరంలో అయితే చూపు, వెన్నుపాములో అయితే కాళ్ళు, మూత్రం. 1868లో పారిస్‌లో షార్కో అనే వైద్యుడు ఈ జబ్బును మొదటిసారి వివరంగా వర్ణించాడు. ఇప్పుడు ఎం.ఆర్.ఐ. స్కాన్‌లో ఆ మచ్చలు కనిపిస్తాయి.

చాలామందిలో జబ్బు విడతలు విడతలుగా వస్తుంది. కొన్ని రోజులో వారాలో బాధపెట్టి, పూర్తిగానో కొంతవరకో తగ్గుతుంది. అచ్చం ఇలాగే కనిపించే ఎన్.ఎం.ఓ. అనే జబ్బు ఇంకొకటుంది. ఎం.ఎస్.కు వాడే కొన్ని మందులు దానికి కీడు చేస్తాయి. అందుకే డాక్టరు అదనంగా రక్తపరీక్ష రాస్తే డబ్బు దండగ అనుకోకండి.

వేడి పడదు, కానీ భయపడక్కర్లేదు

ఒంట్లో వేడి కాస్త పెరిగినా తొడుగు ఊడిన నరంలో సంకేతం సరిగా పాకదు. ఒంటి శ్రమ తర్వాత రోగుల చూపు మసకబారడాన్ని ఊట్‌హాఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు 1890లో గమనించి రాశాడు. ఒకప్పుడు వేడినీళ్ళ తొట్టిలో కూర్చోబెట్టి ఈ జబ్బును పరీక్షించేవారు కూడా! ఒళ్ళు చల్లబడితే బాధ తగ్గిపోతుంది. వేడివల్ల కొత్త మచ్చ పడదు. ఇది తెలిస్తే సగం దిగులు తీరుతుంది.

కాబట్టి వంట పొద్దున్నే ముగించండి. కూరలు తరగడం, పప్పు రుబ్బడం కూర్చునే చేసుకోండి. పొయ్యి పక్కన ఎత్తు స్టూలు వేసుకుంటే సిగ్గేమీ లేదు. పప్పు, కూర కుక్కర్‌లో ఒకేసారి పెట్టేస్తే పొయ్యి ముందు నిలబడే సమయం సగం తగ్గుతుంది. మెడకు తడి తువ్వాలు చుట్టుకోండి, చల్లని మజ్జిగ తాగండి. మరీ వేడినీళ్ళ తలంట్లు మానండి.

మూత్రం ఆపుకోలేకపోతున్నామని చాలామంది నీళ్ళు తాగడం మానేస్తారు. పెళ్ళికో ఊరికో వెళ్ళాలంటే మరీను. అదే ప్రమాదం. నీళ్ళు తగ్గితే మూత్రంలో చీము, జ్వరం వస్తాయి. జ్వరం వస్తే పాత బాధలన్నీ తిరగబెట్టినట్టు కనిపిస్తాయి. ముందు జ్వరం సంగతి చూడాలి. జ్వరం లేకుండా, కొత్త బాధ 24 గంటలు దాటితే అది కొత్త విడత కావచ్చు, వెంటనే డాక్టరుకు చెప్పండి.

జబ్బు దారిని మార్చేవి

అన్నిటికన్నా ముఖ్యమైనవి మందులే. కొత్త విడత వచ్చినప్పుడు మూడు నుంచి అయిదు రోజులు ఇచ్చే స్టీరాయిడ్లు కోలుకోవడాన్ని త్వరపెడతాయి, అంతే. అవి మళ్ళీ రాకుండా ఆపవు. విడతలను తగ్గించే మొదటి ఇంజెక్షన్ ఇంటర్‌ఫెరాన్‌కు అమెరికాలో 1993లో అనుమతి దొరికింది. 2010లో మాత్ర కూడా వచ్చింది. ఆ తర్వాత ఇంకా బలమైనవి వచ్చాయి. ఎంత త్వరగా మొదలుపెడితే అంత మేలు. చిక్కేమిటంటే, ఇవి వేసుకుంటే "హమ్మయ్య" అనిపించదు. జబ్బు రాకుండా ఉండటమే వాటి ఫలితం! "బాగానే ఉన్నాను కదా, ఇంత ఖర్చెందుకు" అని మానేయకండి. ఖర్చు భరించలేకపోతే ఆ మాటే డాక్టరుతో చెప్పండి, తక్కువ ధర మందులూ ఉన్నాయి.

రెండోది పొగ. సిగరెట్ తాగేవాళ్ళలో ఈ జబ్బు త్వరగా ముదురుతుంది. మానేస్తే ఆ వేగం తగ్గుతుంది. "మేం తాగం కదా" అంటారేమో, శ్రీవారు తాగితే ఆ పొగ ఎవరు పీలుస్తున్నారు? ఆయన్ని వీధిలోకి కాదు, మానడానికే పంపండి.

మూడోది డి విటమిన్. అది తక్కువ ఉన్నవాళ్ళలో ఎం.ఎస్. ఎక్కువ. పరీక్ష చేయించుకుని, తక్కువుంటే డాక్టరు చెప్పిన మోతాదులో వేసుకోండి. ఎక్కువ మింగితే ఎక్కువ మేలని సొంతంగా వాడితే మూత్రపిండాలకు చేటు.

నాలుగోది కదలిక. ఒకప్పుడు మంచం దిగొద్దనేవారు. ఇప్పుడు చల్లటి వేళ నడక, తేలికపాటి ఆసనాలు తప్పకుండా చేయమంటున్నారు. ఒళ్ళు వేడెక్కితే ఆగి, మళ్ళీ మొదలుపెట్టండి. ఇక పత్యం పేరిట ఏదీ తినకుండా ఎండిపోకండి. ఈ జబ్బును పోగొట్టే ప్రత్యేక ఆహారం ఏదీ రుజువు కాలేదు. కూర, పప్పు, పండు, మజ్జిగ ఉన్న మామూలు భోజనమే మంచిది.

పిల్లలు కనొచ్చా?

కొత్త కోడళ్ళు నోరు తెరిచి అడగలేని ప్రశ్న ఇదే. కనొచ్చు. 12 ఐరోపా దేశాల్లో 254 మంది స్త్రీలను గమనించి 1998లో ప్రచురించిన పరిశీలనలో, గర్భం చివరి మూడు నెలల్లో విడతలు బాగా తగ్గాయని, కానుపైన మొదటి మూడు నెలల్లో పెరిగాయని తేలింది. కనుక పురుడు పోసుకున్న ఇంట్లో రాత్రిపూట బిడ్డను ఎత్తుకోవడానికి ఇంకో మనిషి ఉండాలి. కొన్ని మందులు గర్భానికి ముందే మానాలి. అందుకే నెల తప్పాక కాదు, అనుకున్నప్పుడే డాక్టరుతో మాట్లాడండి. తల్లికి ఉంటే బిడ్డకు వచ్చే అవకాశం వందకు రెండు మూడే.

ఇంట్లోవాళ్ళకు

ఈ జబ్బులో అలసట నిద్రపోతే తీరేది కాదు. పొద్దున ఇల్లంతా చిమ్మిన మనిషి మధ్యాహ్నం కంచం ఎత్తలేకపోవడం నటన కాదు. దిగులు కూడా ఈ జబ్బులో భాగమే, దానికీ మందుంది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలో పేర్కొన్న 21 వైకల్యాల్లో మల్టిపుల్ స్క్లెరోసిస్ పేరుంది. వైకల్యం 40 శాతం, ఆపైన ఉంటే సర్టిఫికెట్ తీసుకోవచ్చు. 1985లో మొదలైన మల్టిపుల్ స్క్లెరోసిస్ సొసైటీ ఆఫ్ ఇండియా రోగులకు, కుటుంబాలకు తోడుగా ఉంటోంది.

మగవాళ్ళు ఈ పేజీలు తిరగేయరని మనకు తెలుసు. అందుకని అన్నం వడ్డించాక, మీరూ పక్కనే కూర్చుని, ఈ చివరి భాగం ఒక్కటీ చదివి వినిపించండి. తర్వాత కంచాలు ఎవరు తీస్తారో చూద్దాం!