కోడికి మందు సరే, నేల మాటేమిటి?

బోధన్ నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరం ఈ వారం నా బల్లమీద వున్నది.

"అక్కయ్యగారూ, మావారు పనిచేసే మిల్లు 2015లో ఆగిపోయింది. అప్పటినుంచీ పెరట్లో పది పన్నెండు కోళ్ళు పెంచుతున్నాను. గుడ్ల డబ్బుతోనే పాలవాడి లెక్క, పిల్లల నోటుపుస్తకాలు గడుస్తున్నాయి. కిందటి వానాకాలంలో పద్దెనిమిది పిల్లలు దిగితే దసరానాటికి అయిదు మిగిలాయి. అవీ రెక్కలు వేలాడేసుకుని, మేత తింటూనే చిక్కిపోయాయి. రొమ్ము యెముక కత్తిలా చేతికి తగిలేది. పురుగుల మందు రెండుసార్లు వేశాను. వేసిన నాలుగు రోజులు హుషారు, తర్వాత మళ్ళీ మామూలే. మందు కల్తీదంటారా? ఈ కోళ్ళు మనకు అచ్చిరావు, అమ్మెయ్యమంటున్నారు మా అత్తగారు. ఏం చెయ్యమంటారు?"

అమ్మవద్దు తల్లీ. మందునూ అప్పుడే అనుమానించవద్దు. అది కోడి కడుపులో తన పని చేసే వుంటుంది. అయితే ఇల్లు అలకగానే పండుగ కాదు కదా! కడుపు శుభ్రపడిన కోడిని మళ్ళీ ఆ పాత నేలమీదకే వదిలారు. అసలు చిక్కంతా అక్కడే వున్నది.

ఈ పాఠం నేనూ దెబ్బతిని నేర్చుకున్నదే. నిజామాబాదులో వున్న రోజుల్లో పెరట్లో ఏడు పెట్టలుండేవి. ఊరు పసుపుకు పేరు. వేపాకూ పసుపూ ముద్దచేసి మింగిస్తే కడుపులో ఏ పురుగూ నిలవదని ఎవరో చెబితే నమ్మి, రెండు నెలలు శ్రద్ధగా మింగించాను. ఒక ఉదయం బాగా ఎదుగుతున్న పడుచుపెట్ట గూట్లోనే చచ్చిపడి వుంది. పశువైద్యశాలకు తీసుకువెళితే డాక్టరుగారు నా యెదుటే పేగు కోసి చూపించారు. ఉడికించిన సేమ్యా కుక్కినట్టు తెల్లని పురుగులు! ఒక్కొక్కటి వేలంత పొడుగు. వాటి ఉండ అడ్డుపడి పేగు మూసుకుపోయింది. "పసుపు మీద కోపం తెచ్చుకోకండి అమ్మా, అది కూరకు మంచిదే" అన్నారాయన నవ్వుతూ. నాకు మాత్రం నవ్వు రాలేదు.

ఆ పురుగే కోళ్ళ ఏలికపాము. దాని బ్రతుకు తెలిస్తే ఉపాయం దానంతటదే తోస్తుంది. కడుపులోని ఆడపురుగు పెట్టే గుడ్లు రెట్టతో నేలమీద పడతాయి. కంటికి కనిపించనంత చిన్నవి. ఆ గుడ్డును వెంటనే మరో కోడి తిన్నా హాని లేదు. తడీ వెచ్చదనమూ వున్న నేలలో, వేడినిబట్టి, వారం మొదలు మూడు వారాల వరకు నానితేగాని లోపల పిల్లపురుగు తయారు కాదు. ఆ తర్వాత కోడి దాన్ని గింజతో బాటు మింగితే, అయిదు మొదలు ఎనిమిది వారాల్లో కడుపులో పెద్ద పురుగై తానూ గుడ్లు పెడుతుంది. నీడలో, తడిలో పడివున్న గుడ్డు నెలల తరబడి, ఒక్కొక్కప్పుడు ఏడాది దాటినా, చావకుండా కాచుకుని వుంటుంది. వానపాము కూడా దాన్ని మింగి దాచిపెడుతుంది. కోడి ఆ వానపామును తిన్నదంటే మళ్ళీ మొదటికే.

ఇప్పుడు మీ ప్రాంతం సంగతి చూడండి. 1931లో నిజాంసాగర్ కట్టడం పూర్తయి, మంజీర నీళ్ళు కాలువలకెక్కాక బోధన్ చుట్టూ చెరుకు పచ్చబడింది. 1937లో శక్కర్‌నగర్‌లో చక్కెర ఫ్యాక్టరీ లేచింది. నల్లరేగడి నేల, కాలువ తడి చెరుకుకు ఎంత మేలో, ఈ గుడ్లకూ అంతే మేలు. రేగడి ఒకసారి తడిస్తే త్వరగా ఆరదు. గూటి పక్కన, నీళ్ళకుండ చుట్టూ, గోడనీడన ఏడాదంతా బురదే. మీ కోడిపిల్లలు ఏరుకు తినేది సరిగ్గా అక్కడే.

ఇది మన పల్లెల చిక్కు మాత్రమే అనుకోకండి. యూరపు దేశాలు గుడ్లు పెట్టే కోళ్ళను పాత ఇరుకు పంజరాల్లో వుంచరాదని 2012 నుంచి నిషేధించాయి. కోళ్ళకు నేల దొరికింది, సుఖం దొరికింది. దానితో బాటే ఏలికపాములూ తిరిగి వచ్చాయి.

అయితే ఈ గుడ్డుకూ శత్రువులున్నాయి. అవి ఎండ, పొడి, వేడి. రోహిణి కార్తె ఎండలకు రోళ్ళు పగులుతాయంటారే, ఆ ఎండ మీకు పైసా ఖర్చులేని మందు. అంచేత మృగశిర చినుకు పడేలోగా ఈ పనులు ముగించండి.

మొదట, కోళ్ళను నాలుగు రోజులు ఇంకోచోట కట్టడి చేసి, గూటి చుట్టూ మట్టిని రెండు మూడు అంగుళాల లోతున పారతో చెక్కి ఎత్తించండి. దాన్ని ఆకుకూరల మడిలో వెయ్యకండి. పెంటగుంతలో వేసి పేడా చెత్తా కలిపి కుప్ప కడితే లోపల పుట్టే వేడికి గుడ్లు చస్తాయి. కుప్పను నెలకోసారి తిరగవెయ్యాలి, లేకపోతే పైమట్టికి వేడి తగలదు.

తర్వాత, మిగిలిన నేలను గుల్లచేసి ఎండకు పరవండి. రైతులు వేసవి దుక్కి దున్నేదీ పురుగు చావాలనే కదా! నీడ కమ్మిన కొమ్మలుంటే కొన్ని నరికించండి. బాగా ఎండాక నీళ్ళు నిలవకుండా వాలు పెట్టి, నాలుగంగుళాల మందాన మొరం పోయించండి. ఒక బండి మొరం ఖరీదు పోయిన పదమూడు పిల్లల ఖరీదును మించదు.

ఇక రోజువారీ పని. కోళ్ళు రాత్రి కూర్చునే కర్ర కిందనే రెట్ట ఎక్కువగా పడుతుంది. అక్కడ ఒక రేకు పరిచి పొద్దున్నే ఎత్తివెయ్యండి. గుడ్డు తయారయ్యే గడువు లోపలే రెట్ట పోతే గొలుసు తెగినట్టే. నీళ్ళ చిప్పను ఇటుకలమీద పెట్టండి. మేత నేలమీద చల్లకండి, తొట్టిలో వెయ్యండి. గూట్లో పరుపుగా చెరుకు పిప్పి వాడవచ్చును గాని బాగా ఎండినదై వుండాలి. తడిసిన పిప్పికి బూజు పడుతుంది, ఆ బూజు పిల్లల ఊపిరితిత్తులకు చేటు.

మందు విషయానికి వస్తాను. పైపరజీన్ అనే పాతమందు పెద్ద ఏలికపాములనే పడగొడుతుంది. పేగు పొరల్లో దాగిన పిల్లపురుగులు తప్పించుకుని తర్వాత పెరుగుతాయి. అందుకే రెండు మూడు వారాలకు మళ్ళీ వెయ్యాలి. ఫెన్‌బెండజోల్, లెవామిసోల్ వంటివి పిల్లపురుగుల మీదా పనిచేస్తాయి. ఏది, ఎంత అనేది కోడి బరువు చూసి డాక్టరుగారు చెప్పాలి. పిల్లలకు బడిలో ఇచ్చే మాత్ర విరిచి కోడి నోట్లో వెయ్యకండి. మందు వేశాక గుడ్లు ఎన్నాళ్ళు తినకూడదో కూడా అడిగి తెలుసుకోండి. మందుకు ముందు తాజా రెట్ట శుభ్రమైన సీసాలో పట్టుకెళ్ళి పరీక్ష చేయించండి.

రెట్టలో బియ్యపు గింజల్లాంటి తెల్లని ముక్కలు కనిపిస్తే అది బద్దెపురుగు. దానికి పైపరజీన్ పనికిరాదు. చీమలూ పేడపురుగులూ ఈగలూ తిన్న కోడికి అది వస్తుంది. బెల్లమూ చెరుకు చెత్తా వున్నచోట ఈగకూ చీమకూ కొదువా? ఆ చెత్తను గూటికి దూరంగా వుంచండి.

మరొక ముఖ్య సంగతి. ముసలి పెట్టలు పురుగును మోస్తూ కూడా హుషారుగానే తిరుగుతాయి. మూడు నెలల లోపు పిల్లలే బలి. కాబట్టి పిల్లల్ని పెద్దవాటి పాతనేల మీద వదలకండి. పొదుగుకు కూర్చున్న పెట్ట ఎలాగూ గుడ్లు పెట్టదు. డాక్టరుగారి సలహాతో అప్పుడే మందు వేయించి, పిల్లలతో దిగాక మొరం పోసిన కొత్తచోటుకు మార్చండి. మునగాకు, గంగవాయిల కూర తరిగి వెయ్యండి. ఎ విటమిను చాలని కోడి పురుగుకు తేలికగా లొంగిపోతుంది.

ఫినాయిలు, బ్లీచింగు ఈ గుడ్డు పెంకును దాటలేవు. సున్నం నేలను పొడిగా వుంచుతుందేగాని దానిమీదే భారం వెయ్యరాదు. ఒకేసారి చాలా కోళ్ళు మెడలు వంకరపోయి, ఆకుపచ్చగా పారి చస్తే అది పురుగు కాదు, కొక్కెర తెగులు. రెట్టలో రక్తం పడితే అది రక్తపారుడు కావచ్చును. అప్పుడు ఇంటివైద్యం చెయ్యక వెంటనే పశువైద్యశాలకు వెళ్ళండి.

నిజామాబాదు నుంచి మరో సోదరి, కొట్టిన గుడ్డులో సన్నని తెల్లపురుగు కనిపించిందని, అప్పటినుంచీ ఇంట్లో ఎవరూ గుడ్డు ముట్టడంలేదని వ్రాశారు. అరుదే గాని జరుగుతుంది. పేగులోని పురుగు దారితప్పి గుడ్డు తయారయ్యే సంచిలోకి వెళ్ళి, పెంకు లోపల చిక్కుకుంటుంది. ఆ గుడ్డు పారెయ్యండి. కోళ్ళ ఏలికపాము మనుషుల కడుపులో కాపురం చెయ్యదు. పిల్లల్ని కంగారుపెట్టకండి. కోళ్ళను మాత్రం పరీక్ష చేయించండి.

బోధన్ సోదరీ, మీ అత్తగారికి నా మాటగా చెప్పండి: అచ్చిరానిది కోడి కాదు, ఆ గోడనీడన వున్న బురద. కోళ్ళను అమ్మేముందు ఒక్క పారపని చేయించి చూడండి. వచ్చే దసరాకు ఎన్ని పిల్లలు మిగిలాయో లెక్క వ్రాయండి. ఎదురుచూస్తూ వుంటాను.